బడిలో చోటెవరిది?
‘రైలుబడి’, ‘తారే జమీన్ పర్’ పక్కపక్కన

పిల్లల చదువు గురించి మాట్లాడుకునే చోట రెండు పేర్లు జంటగా వినిపిస్తుంటాయి. ఒకటి జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయానాగి తన బాల్యం గురించి రాసి 1981లో ప్రచురించిన ‘టోటోచాన్’. తెలుగువాళ్ళకు ఇది ‘రైలుబడి’గా పరిచయం. రెండోది ఆమిర్ ఖాన్ దర్శకత్వంలో 2007 డిసెంబరులో వచ్చిన హిందీ సినిమా ‘తారే జమీన్ పర్’. దాని రచయిత అమోల్ గుప్తే. పుస్తకంలో తరగతి భరించలేకపోయిన పిల్ల, సినిమాలో తరగతిని భరించలేకపోయిన పిల్లవాడు. ఇద్దరూ ఉన్న బడిలో ఇమడలేక బయటికొచ్చినవాళ్ళే. ఇద్దరికీ ఇంకో బడిలో మనసున్న మాస్టారు దొరికాడు. అందుకే రెంటినీ ఒకే గాటన కట్టి, మంచి గురువు దొరికితే ఏ పిల్లయినా పైకొస్తుందని మెచ్చుకుని ఊరుకుంటాం.

ఈ మెప్పు రెండిటికీ అన్యాయమే చేస్తుంది. పక్కపక్కన పెట్టి నిదానంగా చూస్తే ఈ రెండు కథలకూ అసలు పొసగదు. పిల్లల తీరును తప్పుగా ఎప్పుడు లెక్కించాలి, ఎప్పుడు దండించాలి అన్నది మొదటి ప్రశ్న. అందరిలా నేర్చుకోలేని పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నది రెండోది. రెండు ప్రశ్నలకూ ఈ రెండు రచనలు వేర్వేరు జవాబులు చెబుతాయి. శిక్ష విషయంలో పుస్తకం చెప్పింది సరైనదనీ, చోటు విషయంలో సినిమా చెప్పింది సరైనదనీ నా అభిప్రాయం. మన బడులు మాత్రం రెండు చోట్లా తప్పు దారినే పట్టుకున్నాయి: శిక్షకు సినిమా దారి, చోటుకు పుస్తకం దారి.

ఫిర్యాదుల చిట్టా

రెండు కథలూ ఫిర్యాదుతోనే మొదలవుతాయి. టోటోచాన్ మీద ఒకటో తరగతి టీచరు తల్లికి చెప్పినవాటిలో ఒక్కటీ అబద్ధం లేదు. పాఠం జరుగుతుండగా బల్ల మూత అస్తమానం తెరిచి మూస్తుంది. కిటికీ దగ్గర నిలబడి వీధిలో పోయే మేళగాళ్ళను పిలుస్తుంది. చూరు కింద గూడు కట్టుకుంటున్న పిట్టలతో పైకే కబుర్లు చెబుతుంది. జెండా బొమ్మ వేయమంటే కాగితం చాలక కుచ్చులు బల్ల మీదికి గీసేస్తుంది. టీచరు చిన్న వయసు మనిషి, విసిగిపోయి ఉంది. పాఠం సాగాలి, మిగతా పిల్లలూ ఉన్నారు. ఆమెను రాక్షసిగా చూపించకపోవడం కురొయానాగి పెద్దమనసు. ఇంట్లో ఉన్నది లాగే సొరుగుల బల్ల; బడిలో మూత ఎత్తే బల్ల. అది చూసి ఏడేళ్ళు నిండని పిల్లకు కలిగిన సంబరాన్ని ముందు చూపించి, ఆ సంబరం టీచరుకు ఎలా కనిపించిందో ఆ పక్కనే పెడుతుంది. తప్పు ఎవరిదో చెప్పదు. ఒకే పని రెండు వైపుల నుంచి రెండు రకాలుగా కనిపిస్తుందని మాత్రం తెలుస్తుంది.

సినిమాలో ఇషాన్ అవస్థీ మీది చిట్టా వేరు. మూడో తరగతి మళ్ళీ చదువుతున్నాడు. పుస్తకం తీసి చదవమంటే అక్షరాలు నాట్యం చేస్తున్నాయంటాడు. తరగతి పగలబడి నవ్వుతుంది, టీచరు బయటికి పొమ్మంటుంది. లెక్కల పరీక్షలో మూడు తొమ్మిదుల గుణకారం అతని కళ్ళలో గ్రహాలు ఢీకొట్టుకునే కథగా మారిపోతుంది. మూడో గ్రహం భూమి వెళ్ళి తొమ్మిదో గ్రహం ప్లూటోను మాయం చేస్తుంది, జవాబు మూడు అని రాసేస్తాడు. మార్కుల కాగితాలు ఇంట్లో చూపించడు. బడి ఎగ్గొట్టి ముంబై వీధులన్నీ తిరుగుతాడు. అన్న చేత దొంగ సెలవు చీటీ రాయించుకుంటాడు.

రెండు చిట్టాల మధ్య ముఖ్యమైన తేడా సిగ్గు. టోటోచాన్ పనులు ఇతరులకు ఇబ్బంది, ఆమెకు ఆనందం. తను చెడ్డపిల్లనన్న ఊహే ఆమెకు లేదు. బడి నుంచి తీసేశారన్న సంగతి తల్లి ఆమెకు ఇరవై ఏళ్ళు వచ్చేదాకా చెప్పలేదు. ఇషాన్‌కు మాత్రం నువ్వు పనికిరావని బడీ ఇల్లూ రోజూ చెబుతూనే ఉంటాయి. అతని అల్లరి, ఎదురు తిరగడం, కొట్లాటలు అన్నీ ఆ సిగ్గు మీద కప్పుకున్న దుప్పటి. చదవడం రాదని ఒప్పుకోవడం కన్నా చదవనని మొండికేయడం పిల్లవాడికి గౌరవంగా తోస్తుంది. అభ్యసన వైకల్యం ఏ దారిన క్రమశిక్షణ సమస్యగా మారుతుందో సినిమాకు తెలుసు. ఆ చూపు పుస్తకంలో లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే కురొయానాగి అందులో తన బాల్యానికి ఏ వైకల్యం పేరూ పెట్టలేదు. కాబట్టి నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న పిల్లవాడి లోపలి నొప్పి అర్థం కావాలంటే సినిమా మొదటి సగం చూడాలి. ఈ విషయంలో అది పుస్తకం కన్నా లోతైనది.

పేరు పెట్టాకా, పెట్టకముందా

శిక్ష దగ్గరికొస్తే తూకం తిరగబడుతుంది.

ఇషాన్‌ను తర్వాత చేర్చిన బోర్డింగ్ బడిలో బొమ్మల మాస్టారు రామ్ శంకర్ నికుంభ్ ముంబై వెళ్ళి అతని పాత నోటుబుక్కులు తిరగేస్తాడు. తిరగబడ్డ అక్షరాలు, ఒకే మాటకు రకరకాల స్పెల్లింగులు, కలిసిపోయే ఆకారాలు చూసి ఇది డిస్లెక్సియా అంటాడు. తెలుగు పిల్లవాడి నోటుబుక్కులో అయితే ఇదే ఇబ్బంది గుణింతాల్లో, ఒత్తుల్లో, ఒకే పోలికలో ఉండే అక్షరాల మధ్య కనిపిస్తుంది. తండ్రి నమ్మడు, వాడిది ఒట్టి బద్ధకమంటాడు. నికుంభ్ పరాయి లిపి ఉన్న ఒక పెట్టె అందించి చదవమంటాడు. తనకు రాదంటే, నీది పొగరు, కావాలనే చదవడం లేదని గద్దిస్తాడు. తండ్రికి తల తిరుగుతుంది. సినిమాలో ఇంతకన్నా పదునైన సన్నివేశం లేదు. రానిదాన్ని చేయలేదని కొట్టడం ఎంత అన్యాయమో నిమిషంలో తేల్చేస్తుంది.

అయితే ఆ వాదన ఎక్కడిదాకా వెళ్ళి ఆగుతుందో చూడాలి. ‘వాడికి చేతకాదు, కాబట్టి కొట్టకు’ అన్నది దాని సారం. చేతనై ఉండి చేయని పిల్లవాడి సంగతేమిటి? నిజంగానే బద్ధకస్తుడైతే? ఇషాన్ వేళ్ళ మీద స్కేలుతో కొట్టిన పాత బొమ్మల మాస్టారి మీద సినిమాకు కోపం ఉంది, కానీ స్కేలు మీద ఎంత కోపం ఉందో తేలదు. బోర్డింగ్ బడిలో మిగతా పిల్లలను మందలించే గొంతులు, వరసలు, మార్కుల పట్టిక అన్నీ ఆఖరిదాకా అలాగే నడుస్తాయి. ఇషాన్‌కు శిక్ష తప్పింది, ఎందుకంటే అతని ఇబ్బందికి పేరు దొరికింది. పేరు దొరకని వాడికి స్కేలు అలాగే మిగిలింది. సినిమా ఇచ్చింది క్షమాభిక్ష, దానికి అర్హత రోగనిర్ధారణ. ఇషాన్‌ను నానా మాటలన్న టీచర్లు చివర్లో తల్లిదండ్రుల ముందు అతన్ని మెచ్చుకుంటారు, అంతే. వాళ్ళలో ఎవరినీ ఎవరూ సంజాయిషీ అడగరు.

టోటోచాన్ తర్వాత చేరిన తోమోయె బడి హెడ్మాస్టరు సొసాకు కొబయాషి దగ్గర పేరు పెట్టే తతంగమే లేదు. చేరిన రోజు ఆ పిల్ల నాలుగు గంటలపాటు చెప్పిందంతా విన్నాడు. రోగం కనిపెట్టడానికి అడిగిన ప్రశ్నలు కావవి. పిల్ల మాట్లాడుతోంది, పెద్దాయన వింటున్నాడు, అంతే. ఆ తర్వాత పుస్తకంలో శిక్ష పడి తీరాల్సిన ఘట్టం ఒకటి వస్తుంది. టోటోచాన్ తనకెంతో ఇష్టమైన పర్సును మరుగుదొడ్డిలో పడేసుకుంటుంది. బయటికెళ్ళి గుంట మూత తీసి, పొడుగాటి గరిటెతో మలమంతా తోడి నేల మీద కుప్ప పోస్తుంది. అటుగా వచ్చిన హెడ్మాస్టరు ఏం చేస్తున్నావని అడుగుతాడు. సంగతి విని, పని అయ్యాక అంతా మళ్ళీ గుంటలో వేసేస్తావు కదా అని మాత్రం అని వెళ్ళిపోతాడు. పర్సు దొరకదు. పిల్ల కుప్పంతా తిరిగి గుంటలోకి ఎత్తిపోస్తుంది.

మన బడుల అనుభవంతో ఈ ఘట్టం చదివితే ఎన్ని రకాల దండనలు గుర్తొస్తాయో! గోడకుర్చీ, గుంజీలు, మోకాళ్ళ మీద నిలబెట్టడం, తొడపాశం, తల్లిదండ్రులకు కబురు. ‘దండం దశగుణం’ అనే మాట మన బడి సంస్కృతిలో సామెతగా స్థిరపడిపోయింది. కొబయాషి చేసింది మెత్తదనం అనుకుంటే పొరపాటు. గలీజు ఎవరు చేస్తే వాళ్ళే శుభ్రం చేయాలన్న నియమాన్ని ఆయన తూచా తప్పకుండా అమలు చేశాడు. పిల్ల పని పూర్తి చేసింది, బాధ్యత నేర్చుకుంది. అవమానం ఒక్కటే లేదు. ఇదంతా చేయడానికి ఆయనకు టోటోచాన్ మెదడులో ఏముందో తెలియనక్కర్లేకపోయింది.

ఇంకో ఘట్టం దీనికి జత. తకహాషి అనే పిల్లవాడు చేతులూ కాళ్ళూ పొట్టిగా ఉండి ఎత్తు ఎదగనివాడు. తరగతిలో మనిషికి ఒకప్పుడు తోక ఉండేదన్న పాఠం నడుస్తుండగా, టీచరమ్మ వేళాకోళంగా నీకింకా తోక ఉందా అని అతన్ని అడుగుతుంది. ఆ సాయంత్రం హెడ్మాస్టరు ఆమెను వంటింట్లోకి పిలిచి గట్టిగా కోప్పడతాడు. నలుగురూ ఉండే టీచర్ల గదిలో కోప్పడలేదు, ఆమె పరువూ కాపాడాడు. ఈ పుస్తకంలో నిజమైన దండన ఏదైనా ఉందంటే అది టీచరుకు పడిన ఈ చీవాట్లే. క్రమశిక్షణ కిందికే కాకుండా పైకి కూడా ప్రవహించాలని కొబయాషికి తెలుసు. నికుంభ్ తోటి టీచర్లను అలా నిలదీయగలిగే స్థానంలో లేడు. తాత్కాలిక ఉద్యోగి, అతనిది బతిమాలుకునే పరిస్థితి. ఆ పరిమితి సినిమాకు వాస్తవాన్ని తెచ్చింది, కానీ దాని న్యాయాన్ని కుదించింది.

చట్టం ఎవరి వైపు?

ఈ తేడా కథల వరకే ఉంటే సాహిత్య చర్చతో సరిపోయేది. చట్టాలు కూడా ఈ రెండు దారుల మధ్యే చీలి ఉన్నాయి.

మన విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, సినిమా తర్వాత రెండేళ్ళకు. దాని 17వ సెక్షను ఏ పిల్లనూ శారీరకంగా శిక్షించకూడదు, మానసికంగా వేధించకూడదు అంటుంది. ఏ వైకల్యం ఉందని అడగదు, సర్టిఫికెట్ చూపించమనదు. 16వ సెక్షను ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ బడి నుంచి బహిష్కరించకూడదు. 2019 సవరణ అయిదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిల్ చేసి ఆపడానికి రాష్ట్రాలకు వీలిచ్చింది గానీ బహిష్కరణ మీద నిషేధాన్ని కదపలేదు. ఈ రెండు సెక్షన్లూ కొబయాషి దారి. టోటోచాన్ మొదటి బడి ఈ చట్టం కింద ఆమెను పంపించేయగలిగేది కాదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం నికుంభ్ దారి. 1995 చట్టంలో ఏడు వైకల్యాలే ఉండేవి, నిర్దిష్ట అభ్యసన వైకల్యం వాటిలో లేదు. కొత్త చట్టం ఇరవై ఒకటికి పెంచి దాన్ని చేర్చింది. పిల్లల్లో ఈ వైకల్యాన్ని వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన అందించడం విద్యాసంస్థల బాధ్యత అని 16వ సెక్షనులో రాసింది. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి వెసులుబాట్లు సర్టిఫికెట్టు చేతిలో ఉన్నవాళ్ళకు దొరుకుతాయి. ఇది అవసరమే, నికుంభ్ లేనిచోట ఇషాన్‌కు దిక్కు ఇదే. కానీ ఇది వెసులుబాటుకు తాళంచెవి. దెబ్బలు తప్పించుకోవడానికి కూడా ఇదే తాళంచెవి కావాలని బడులు అనుకోవడం మొదలుపెడితే పేరు దొరకని పిల్లలు నష్టపోతారు.

అమెరికా చట్టంలో నికుంభ్ ప్రశ్నను అక్షరాలా నియమంగా రాసుకున్నారు. మన ఊళ్ళ నుంచి టెక్సస్‌కో న్యూజెర్సీకో వెళ్ళి స్థిరపడిన కుటుంబాల్లో ప్రత్యేక విద్య అవసరమైన పిల్లలున్న వాళ్ళకు ఐఈపీ అన్న మూడక్షరాలు తెలుసు. ఒక్కో పిల్లకు విడిగా రాసే విద్యా ప్రణాళిక అది. 1975లో చేసిన చట్టం అలాంటి పిల్లలకు ఉచిత విద్య హక్కు ఇచ్చింది, వీలైనంతవరకు మామూలు పిల్లల మధ్యే చదివించాలంది. ప్రమాదకరంగా ప్రవర్తించాడన్న కారణంతో బడి తనంతట తానుగా అలాంటి విద్యార్థిని బయట పెట్టలేదనీ, వివాదం తేలేదాకా ఉన్న చోటే ఉంచాలనీ 1988లో హోనిగ్ వర్సెస్ డో కేసులో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. శిక్షగా పది బడిరోజులకు మించి చోటు మార్చాలంటే బడివాళ్ళూ తల్లిదండ్రులూ కూర్చుని రెండు ప్రశ్నలు వేసుకోవాలని ఇప్పటి చట్టం చెబుతుంది. ఆ ప్రవర్తన వైకల్యం వల్ల వచ్చిందా, లేదా దానితో నేరుగా గట్టి సంబంధం ఉందా? విద్యా ప్రణాళికను బడి అమలు చేయకపోవడం వల్ల వచ్చిందా? దేనికి అవునన్నా పిల్లవాణ్ణి సాధారణంగా పాత చోటికే తీసుకురావాలి. ఆయుధం, మత్తుమందు, తీవ్రమైన గాయం ఉన్న కేసుల్లో మాత్రం ఈ జవాబుతో పనిలేకుండా 45 బడిరోజుల దాకా వేరేచోట ఉంచవచ్చు.

రెండో ప్రశ్న చాలా గొప్పది. పిల్లవాడి తప్పు తేల్చేముందు బడి తన పని తాను చేసిందా అని అడుగుతుంది. ఇషాన్ అల్లరి మీద ఈ ప్రశ్న ఎవరైనా వేసి ఉంటే మొదటి ఇరవై నిమిషాల్లోనే సినిమా అయిపోయేది. అయితే మొదటి ప్రశ్నలో నికుంభ్ అందించిన పెట్టె తర్కమే ఉంది. వైకల్యం వల్ల కాదని తేలితే అందరికీ పడే శిక్షే పడుతుంది, చదువు సేవలు మాత్రం ఆగవు. అందరికీ పడే ఆ శిక్ష న్యాయమైనదేనా అన్న విచారణ ఈ ప్రశ్నలో లేదు. శిక్ష విషయంలో పుస్తకం ముందుందని నేననడానికి కారణం ఇదే. పిల్లలకు మినహాయింపులు వెతకడానికి ముందు అసలు నియమాన్నే సరిచేసుకోవాలన్న జ్ఞానం దానికుంది.

ఎక్కడ కూర్చోవాలి?

చోటు దగ్గర మాత్రం పుస్తకాన్ని నమ్మి ముందుకెళ్ళలేం.

తోమోయె పాత రైలు పెట్టెల్లో నడిచే బడి. మొత్తం మీద యాభై మంది దాకా పిల్లలు. తరగతిలో ఎవరి చోటు వాళ్ళకని లేదు, ఏ రోజు ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు. ఆ రోజు చేయాల్సిన పాఠాలన్నీ టీచరు పొద్దున్నే రాసి పెడుతుంది, ఏది ముందో పిల్ల ఇష్టం. ఎవరికి ఏది నచ్చుతుందో, ఎవరు ఎక్కడ తడబడతారో టీచరుకు ఇట్టే తెలిసిపోతుంది. కిటికీ దగ్గరికి వెళ్ళడం మొదటి బడిలో నేరం, ఇక్కడ రోజువారీ సంగతి. వేరే పిల్లగా మారకుండానే టోటోచాన్ ఇబ్బంది పిల్ల కావడం మానేసింది. వాతావరణం మారితే తప్పు తప్పు కాకుండా పోతుందన్న పాఠాన్ని ఇంత సూటిగా చెప్పిన పుస్తకం అరుదు.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది: ఆమెను పంపించేసిన బడి ఏమైంది? పుస్తకం దాని ముఖం మళ్ళీ చూడదు. ఆ టీచరు కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేదు. ఆ తరగతి ఒక కుతూహలమైన పిల్లను పోగొట్టుకుని ప్రశాంతంగా కొనసాగి ఉంటుంది. పైగా టోటోచాన్ తండ్రి పేరున్న వయొలిన్ కళాకారుడు, తల్లి ఓపికగా వెతికి ఇంకో బడి పట్టుకోగలిగింది. తోమోయె లాంటి బడి ఉన్న ఊళ్ళో, వెతికే తల్లి ఉన్న ఇంట్లో పుట్టడం ఆ పిల్ల అదృష్టం. 1945 వైమానిక దాడుల్లో ఆ బడి కాలిపోయింది. కొబయాషి 1963లో కన్నుమూసేదాకా ఆ ప్రాథమిక బడిని మళ్ళీ లేపలేకపోయారు. ఒక మనిషి మీద నిలబడ్డ చోటు ఆ మనిషితోనే ముగిసింది.

సినిమా చోటు ప్రశ్నను ఎదురుగా పట్టుకుంటుంది. ముంబై బడి వాళ్ళు ఇషాన్‌కు ప్రత్యేక బడి మంచిదని సూచిస్తారు. తండ్రికి రోషమొస్తుంది. ఆ రోషంలో పిల్లవాడి మీద ప్రేమ కన్నా పరువు పాలే ఎక్కువ. దాని ఫలితం బోర్డింగ్ స్కూలు. ‘చదవకపోతే హాస్టల్లో పడేస్తా’ అన్న బెదిరింపు వినని తెలుగు పిల్లలు తక్కువ. చోటు మార్చడమే శిక్షగా వాడే పద్ధతి ఇది. వెళ్ళేముందు ఇషాన్ పడే భయం, వెళ్ళాక బొమ్మలు వేయడం కూడా మానేసి మూగబోవడం, గోడ అంచు మీదికి చేరిన పిల్లవాణ్ణి అక్కడి స్నేహితుడు రాజన్ వెనక్కి పిలవడం చూస్తే, శిక్షకూ చోటుకూ మధ్య గీత ఎంత పల్చనో తెలుస్తుంది. ఈ మాట పుస్తకం చెప్పలేదు, ఎందుకంటే టోటోచాన్‌కు బడి మారడం పండగ.

నికుంభ్ ప్రత్యేక అవసరాల పిల్లలుండే బడిలో కూడా పాఠాలు చెబుతాడు. అలాంటి బడి అంటే అతనికి చిన్నచూపు లేదు, భయమూ లేదు. అలాంటివాడే ఇషాన్ మామూలు తరగతిలోనే ఉండాలంటాడు. బోర్డింగ్ ప్రిన్సిపాలు కూడా ప్రత్యేక బడి మాటెత్తినప్పుడు అతను అడిగేవి చాలా చిన్న కోరికలు. కొంతకాలం రాత పరీక్షల బదులు నోటితో జవాబులు చెప్పనివ్వండి, స్పెల్లింగుకూ చేతిరాతకూ మార్కులు కోయకండి, వారంలో కొన్ని గంటలు నేను విడిగా నేర్పుకుంటాను. ఆ తర్వాత ఇసుకలో అక్షరాలు దిద్దించడం, మట్టి ముద్దలతో ఆకారాలు చేయించడం, మెట్లు ఎక్కుతూ దిగుతూ కూడికలు తీసివేతలు నేర్పడం చూస్తాం. అద్భుతం ఏమీ లేదు. మామూలు బడి, మామూలు తరగతి అలాగే ఉండి, లోపల కొన్ని పద్ధతులు మారతాయి. పిల్లవాడు తన తోటివాళ్ళ మధ్య నుంచి కదలడు. తోమోయె మోజులో మనం తక్కువగా చూసేది ఈ మామూలుతనాన్నే. దేశంలో లక్షలాది పిల్లలకు దక్కేది ఈ మామూలు తరగతి గదే కాబట్టి అక్కడ చోటు సంపాదించడమే నిజమైన విజయం.

పోటీని మార్చడం, పోటీలో గెలవడం

ఆ చోటును సినిమా ఎలా దక్కించింది అన్నదగ్గర మళ్ళీ అనుమానం వస్తుంది. చివర్లో టీచర్లూ పిల్లలూ అందరూ పాల్గొనే బొమ్మల పోటీ. చిత్రకారిణి లలితా లాజ్మీ న్యాయనిర్ణేతగా తన పాత్రలోనే కనిపిస్తారు. ఇషాన్ గెలుస్తాడు, అతని బొమ్మ బడి వార్షిక సంచిక అట్ట మీదికెక్కుతుంది. కళ్ళు చెమర్చని ప్రేక్షకుడు ఉండడు. కానీ ఈ గెలుపు ఒక షరతు పెడుతోంది: చదువు రాకపోతే ఇంకేదైనా అసాధారణంగా రావాలి. ఐన్‌స్టీన్, డావిన్చీ, ఎడిసన్ పేర్లు నికుంభ్ తరగతిలో వల్లించేది కూడా ఈ లెక్కనే. బొమ్మలూ అంతంతమాత్రంగా వేసే, చదవడం కష్టమైన పిల్లవాడు ఈ సినిమాలో లేడు. మన తరగతుల్లో ఎక్కువమంది వాళ్ళే.

దీని పక్కన తోమోయెలో జరిగిన ఆటల పోటీ పెట్టి చూడండి. అన్ని పందేల్లోనూ తకహాషి గెలుస్తాడు. చేపబొమ్మ గుడ్డగొట్టంలోంచి దూరడం, మెట్ల మీద పరిగెత్తడం వంటి ఆటల్లో పొట్టి ఒళ్ళే కలిసొస్తుంది. ఆటలు అలా కూర్చింది హెడ్మాస్టరే. బహుమతులు ముల్లంగులు, కూరగాయలు. తకహాషిలో దాగిన ప్రతిభ ఏదీ బయటపడలేదు. ఏ ఒంటికి ఏ పోటీ పెడుతున్నామన్నది పెద్దవాళ్ళు నిర్ణయించే సంగతేనని బయటపడింది. రెండు ముగింపుల్లో నాకు ఇదే న్యాయంగా కనిపిస్తుంది. ఇషాన్ గెలిచింది ఇతరులు రాసిన నియమాల మీద. తకహాషి కోసం నియమమే మారింది.

కథ చెప్పే తీరులోనూ ఈ తేడా ఉంది. కురొయానాగి తన గురించే ప్రథమ పురుషలో, ఎక్కువగా టోటోచాన్ చూసినదాన్నే రాస్తుంది, పెద్దల ఎత్తుకు కలాన్ని పెంచదు. అందుకే కొబయాషి గొప్పతనం ఉపన్యాసంగా మారలేదు. సినిమా మొదటి సగం ఇషాన్ కళ్ళతో నడుస్తుంది. విరామం దగ్గర నికుంభ్ దిగాక కథ అతని చేతిలోకి వెళ్ళిపోతుంది. పిల్లవాడి మాట తగ్గుతుంది, మాస్టారి వివరణ పెరుగుతుంది. స్టార్ హీరో ఉన్న సినిమాకు ఇది తప్పదేమో. కానీ ఏ పిల్లవాడి గురించి అందరూ మాట్లాడుతున్నారో ఆ పిల్లవాణ్ణే అడగకపోవడం రెండో సగంలో మిగిలిపోయిన వెలితి.

మనం తీసుకోవలసింది

ఇప్పుడు మన బడుల వైపు చూద్దాం. మార్కుల వరసలో పిల్లల్ని సెక్షన్లుగా విడగొట్టడం ప్రైవేటు బడుల్లో మామూలైపోయింది. ఆఖరి సెక్షను పేరుకు తరగతి, అర్థంలో శిక్ష. అక్కడికి పడిపోయిన పిల్లవాడు ఇషాన్ చేసిన పనులే చేస్తాడు, దాంతో ఆ సెక్షనుకే అల్లరి సెక్షనని పేరొస్తుంది. ప్రభుత్వ బడుల వైపు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ప్రత్యేక అవసరాల పిల్లలకు శిక్షణ పొందిన రిసోర్సు పర్సన్లు అక్కడ సాయం చేస్తారు. ఆ కేంద్రం తరగతికి తోడుగా ఉంటే నికుంభ్ వారానికి అడిగిన గంటలు దొరికినట్టే. తరగతి నుంచి వదిలించుకునే దారిగా వాడితే టోటోచాన్ మొదటి బడి చేసిందే మనమూ చేసినట్టు. ప్రత్యేక అవసరాల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఆ పైన పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులుండాలని 2021లో సుప్రీంకోర్టు రజనీశ్ కుమార్ పాండే కేసులో చెప్పింది. ఆ నిష్పత్తి అమలైతే నికుంభ్ కోసం ఎదురుచూడాల్సిన పని తగ్గుతుంది. కొబయాషి దారికి డబ్బు కూడా అక్కర్లేదు. వినే ఓపిక, తప్పు చేసిన టీచరును పక్కకు పిలిచి మందలించగల హెడ్మాస్టరు ఉంటే చాలు.

అందుచేత ఈ రెండు రచనలనూ ఉపాధ్యాయ శిక్షణలో జంటగా వాడేటప్పుడు వాటి పొత్తు కన్నా పోట్లాటనే ముందు పెట్టాలి. ‘రైలుబడి’ నుంచి శిక్ష గురించి నేర్చుకుందాం, దాని చోటును నమూనాగా తీసుకోవద్దు. ‘తారే జమీన్ పర్’ నుంచి చోటు గురించి నేర్చుకుందాం, దాని క్షమాభిక్షను న్యాయం అనుకోవద్దు. ఆచరణలో దీనికి రెండు నియమాలు చాలు. ఇబ్బందికి పేరు పెట్టకముందే బెత్తం పక్కన పెట్టాలి, అది పేరున్న పిల్లకైనా లేని పిల్లకైనా. పేరు పెట్టాక బోధన మార్చాలి, పరీక్ష మార్చాలి, అవసరమైతే టీచరును మార్చాలి. పిల్లవాడి బల్ల మార్చడం అన్నీ అయ్యాక, తల్లిదండ్రులతోనూ ఆ పిల్లవాడితోనూ మాట్లాడాక ఆలోచించే ఆఖరి మాట కావాలి.